దుబాసి ధర్మము: చెన్నపట్టణపు తెలుగు వర్తకులు, ద్విభాషులు, వారి వృత్తినీతి

చెన్నపట్టణమునకును తెలుగువారికిని గల సంబంధము ఆ పట్టణము పుట్టుకతోనే మొదలైనది. 1639వ సంవత్సరము ఆగస్టు నెలలో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియగు ఫ్రాన్సిస్ డేకు సముద్రతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చెను. ఆ నాయకుని తండ్రియగు చెన్నప్ప పేరనే ఊరికి చెన్నపట్టణమను పేరు కలిగినది. ఇచ్చినవాడు తెలుగు నాయకుడు, పుచ్చుకొనినవాడు ఆంగ్లేయుడు. ఒకరి భాష యొకరికి తెలియదు. ఆ తొలినాళ్ళలో ఉభయుల నడుమ నిలిచి మాట నడిపిన ద్విభాషిగా మనకు వినవచ్చు పేరు బేరి తిమ్మన్నది. ఇట్లు ఊరు పుట్టిననాడే దుబాసి వృత్తియు పుట్టినదనవచ్చును.

ప్రవాసాంధ్రుల చరిత్రను వ్రాయునప్పుడు మనవారు సాధారణముగ దానధర్మముల పట్టికను వ్రాయుట ఆచారమైనది. ఫలానా వర్తకుడు కోవెల కట్టించెను, ఫలానా దుబాసి సత్రము నిలిపెను, ఫలానా శ్రేష్ఠి కృతి నందెనని చదివి సంతసింతుము. అది తగినదే. బేరి తిమ్మన్న చెన్నకేశవస్వామి కోవెలకు భూరిగ ఇచ్చినాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమునకు పుదుచ్చేరి దుబాసి ఆనందరంగ పిళ్ళ పేరు పెట్టి, తమిళుడైన యా ప్రభువును తెలుగు సారస్వతమున చిరస్థాయిగా నిలిపినాడు. అయితే దానపత్రములును, కృతిపద్యములును ఇచ్చిన ధనమును గూర్చి చెప్పునే కాని, ఆ ధనము చేతికి వచ్చిన త్రోవను గూర్చి చెప్పవు. వృత్తిలో నున్నవాని నీతి దానమిచ్చునప్పటికంటె ఆర్జించునప్పుడే ఎక్కువగ పరీక్షకు నిలుచును. ఈ వ్యాసమున ఆ రెండవ విషయమును, అనగా ఆర్జన కాలమునందలి ధర్మసంకటమును, చెన్నపట్టణపు తెలుగువారి చరిత్రనుండి కొన్ని ఘట్టములను గైకొని విమర్శింప నెంచినాను.

దుబాసి యెవరు?

ద్విభాషి యను సంస్కృత పదమే జనుల నోట దుబాసి యైనది. పేరునుబట్టి చూచిన అతడు రెండు భాషలు నేర్చినవాడు మాత్రమే. పనినిబట్టి చూచిన అతడు దొరకు గుమాస్తా, నౌకరు, తరగరి, ఋణదాత, రహస్యమంత్రి, అన్నియు నొక్కడే. ఇంగ్లాండునుండి పదునారు, పదునెనిమిదేండ్ల ప్రాయమున ఓడ దిగిన కంపెనీ 'రైటరు'నకు జీతము స్వల్పము, కోరికలు పెక్కు. ఇల్లు, పల్లకి, పనివారు, పెట్టుబడి, సమస్తమును దుబాసియే అమర్చెడివాడు. దొర పేర జరుగు ప్రతి కొనుగోలులోను దుబాసికి దస్తూరి ముట్టును. దొరకు సొమ్ము చాలకున్న అప్పు పెట్టువాడును అతడే. కావున కొన్నియేండ్లు గడచునప్పటికి, పైకి యజమానుడు దొర, లోలోపల యజమానుడు దుబాసి యగుట తరచుగ జరిగెడిది. ఆ దొర కౌన్సిలు సభ్యుడో గవర్నరో యైననాడు దుబాసి పెట్టిన అప్పు అధికారరూపమున వడ్డీతో తిరిగివచ్చెడిది.

ఈ వృత్తిలోని చిక్కు ఇక్కడనే కలదు. దుబాసి ఎవరికి బద్ధుడు? జీతమిచ్చు దొరకా? తన నమ్మి వచ్చిన స్వజనమునకా? తన పెట్టుబడికా? ఆనాటి ఆచారము దస్తూరిని తప్పని యెంచలేదు. దస్తూరికిని లంచమునకును నడుమ హద్దు ఎచ్చటనో యెవ్వరును గీత గీయలేదు. పదునేడవ శతాబ్దిలో కంపెనీకి ముఖ్యవర్తకుడుగ నుండిన కాసి వీరన్న కథయే దీనికి తార్కాణము. కంపెనీవారు 'కాసా వెరోనా' యని పిలిచిన యీతడు పలువురు వర్తకులను కూర్చి ఉమ్మడి మూలధనముతో వ్యాపారము నడపినవారిలో మొదటి తరమువాడు, 1680లో మరణించెను. గవర్నరు సర్ విలియం లాంగ్‌హోర్నుమీద వచ్చిన అభియోగములలో ముఖ్యమైనది ఈ వీరన్ననుండి ఏటేట సొమ్ము గ్రహించుచుండెననుట. ఇచ్చినవాడు దానిని కానుక యనును. పుచ్చుకొనినవాడు ఆచార మనును. లండనులోని డైరెక్టర్లు ద్రోహ మనిరి. ఒక్క సొమ్మునకే మూడు పేర్లు! ఈ మూటికిని వెలియైన నాల్గవవాడొకడు కలడు. ఆ సొమ్ము తుదకు ఎవని కష్టమునుండి రావలెనో వాడు. అతడు సాలెవాడు.

బయానా, మచ్చు, మగ్గము

చెన్నపట్టణపు సంపదకు మూలము నూలుబట్ట. లాంక్లాతు, సలాంపూరి, మూరీ, అద్దకపు రుమాళ్ళు ఇక్కడినుండి ఓడలకెక్కి ఐరోపాకును, ఆగ్నేయాసియా ద్వీపములకును పోయెడివి. కంపెనీ వర్తకునకు బయానా ఇచ్చును. వర్తకుడు తన మనుష్యుల ద్వారమున పల్లెలలోని నేతగానికి బయానా ఇచ్చును. నేతగాడు ఆ సొమ్ముతో నూలు కొని, నేతకాలమున కుటుంబమును పోషించుకొని, గడువునకు బట్ట నందించును. బట్టయొక్క దిట్టతనము పుంజముల లెక్కన నిర్ణయమగును. పుంజమనగా నూటయిరువది పడుగు పోగులు. ఇన్ని పుంజముల బట్ట, ఇంత నిడివి, ఇంత పన్న యని ముందుగనే మచ్చు చూపి ఒప్పందము చేయుదురు. వచ్చిన బట్టను కోటలో కంపెనీ ఉద్యోగులు మచ్చుతో సరిపోల్చి తరములు విడదీయుదురు. తక్కువ తరమైన వెల తగ్గింతురు. మచ్చుకు దిగనిదానిని త్రోసివేయుదురు.

ఈ యేర్పాటు పైకి న్యాయముగనే కనబడును. కాని నష్టము కలిగినప్పుడు అది ఎవరిమీద పడవలెననునదే ప్రశ్న. నూలు వెల పెరిగినను, వాన కురియక ధాన్యపు ధర హెచ్చినను, బట్ట వెల మాత్రము ఒప్పందము ప్రకారమే. త్రోసివేసిన బట్టవలన కలిగిన నష్టమును వర్తకుడు తాను భరించునా, నేతగానిపై మోపునా? మోపుటకు అతనికి శక్తి కలదు. మోపకుండుట యతని ఇచ్చ. ఇట్టి స్థలముననే వర్తకనీతి కనబడవలెను.

అయితే నేతగాడు పూర్తిగ దిక్కులేనివాడు కాడు. దక్షిణదేశమున అతనికొక ఆచారసిద్ధమైన హక్కు కలదు. పుచ్చుకొనిన బయానాను తిరిగి యిచ్చివైచిన ఒప్పందము విడిపోవును. హెచ్చు వెల యిచ్చువానికి అతడు బట్ట అమ్ముకొనవచ్చును. వర్తకుడు మాత్రము ఇచ్చిన బయానాను నడుమ తిరిగి యడుగరాదు. బలహీనుని పక్షమున మొగ్గిన యీ ఆచారమే చాలకాలము అతనిని కాపాడినది. అన్యాయము మిక్కుటమైనచో నేతగాండ్రు మగ్గములు విడిచి, ఊరు ఖాళీచేసి, మరియొక ప్రభువు సీమకు పోయెడివారు. నేతగాండ్రు లేనిదే వ్యాపారము లేదని యెరిగిన కంపెనీ వారిని పిలిచి పేటలు కట్టించి యిచ్చినది. 1734లో గవర్నరు మార్టన్ పిట్టు కాలమున వెలసిన చింతాద్రిపేట అట్టిదే. ముఖ్యవర్తకుడుగ నుండిన సుంకు రామశెట్టి తోట యుండిన చోటనే ఈ నేతగాండ్ర పేట లేచుట గమనింపదగినది.

పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కంపెనీ వర్తకసంఘముగ నుండుట మాని పాలకుడైనది. అప్పుడు పై హక్కు అంతరించినది. బయానా పుచ్చుకొనిన నేతగాడు కంపెనీకే నేయవలెననియు, అన్యులకు అమ్మరాదనియు కట్టడి యేర్పడినది. వర్తకులను తప్పించి, జీతగాండ్రగు గుమాస్తాలను మగ్గముల కడకు పంపిరి. ఆ గుమాస్తాలు, వారి వెంట పోయిన బంట్రోతులు ఆంగ్లేయులు కారు; నేతగాని భాషయే మాటలాడువారు. వారిలో కొందరు పూర్వము నేతగానితో బేరమాడిన వర్తకుల కుటుంబములవారే కావచ్చును. నిన్న బేరమాడిన నోరే నేడు ఆజ్ఞ వినిపించినది. నేతగాండ్రు పలుచోట్ల మగ్గములాపి ఎదురు తిరిగిరి. కాని పూర్వమువలె పొరుగు సీమకు పోవుదమన్న పొరుగు సీమయు కంపెనీదే యైనది.

అవధానం పాపయ్య

చెన్నపురియందలి చూళై ప్రాంతమున అవధానం పాపయ్య పేర నొక వీధి కలదు. ఆ త్రోవన నడచువారిలో ఆ పేరు వెనుకనున్న కథ నెరిగినవారు కొలదిమంది.

పాపయ్య బ్రాహ్మణుడు, దుబాసి. జాన్ హాలండు, ఎడ్వర్డు జాన్ హాలండు అను సోదరులిద్దరు 1789–90 సంవత్సరములలో ఒకరి తరువాత నొకరు చెన్నపట్టణమున తాత్కాలిక గవర్నరులుగ నుండిరి. వారి కొలువున పాపయ్య పలుకుబడి అపారము. గవర్నరు దర్శనము కావలెనన్న పాపయ్య దర్శనము ముందు కావలెను. ఆ కాలమున రెవిన్యూ బోర్డున డేవిడ్ హాలిబర్టను అను ఉద్యోగి యుండెను. పారసీకము నేర్చి, కంపెనీకి పారసీక భాషాంతరీకర్తగ గూడ పనిచేసినవాడు. దొరకు దేశభాష తెలిసినచో దుబాసికి పనియేమి? హాలిబర్టను బోర్డునుండి తొలగింపబడి దూరమున నున్న చంద్రగిరికి పంపబడెను. గవర్నరుల కాలము ముగిసిన పిదప విషయము బయటపడినది. హాలిబర్టనుపై తప్పుడు ఆరోపణలు కల్పించి అతనిని పదవీభ్రష్టుని చేయుటకు కుట్ర పన్నిరను నేరముపై పాపయ్యను, అతని తమ్ముడు రామస్వామిని, మరికొందరిని 1792లో చెన్నపట్టణమున విచారించిరి. వారు దోషులని తీర్పు వచ్చినది. ఆ విచారణ వృత్తాంతము మరుసటి యేట లండనులో గ్రంథముగ అచ్చుపడినది. 1827లో సర్ వాల్టరు స్కాటు తన నవల 'ది సర్జన్స్ డాటర్'లో పాపయ్యను కుటిలమంత్రి పాత్రగ నిలిపెను. ఒక తెలుగు దుబాసి కీర్తి, అపకీర్తి రూపమున, సముద్రములు దాటినది.

పాపయ్యను సమర్థించుట నా యుద్దేశము కాదు. అతడు చేసినది దుష్కార్యమే. నిరపరాధిని అబద్ధముతో పడగొట్టుట ఏ శాస్త్రమునందును ధర్మము కాదు. అయినను చరిత్రకారుడు రెండు విషయములు గమనింపవలెను.

మొదటిది: ఆ కుట్రవలన లాభము పాపయ్యకు మాత్రమే కాదు. హాలిబర్టనును బదిలీచేసిన ఉత్తర్వుపై సంతకము దుబాసిది కాదు, గవర్నరుది. జాన్ హాలండు 1790లోనే పదవి విడిచి స్వదేశమునకు పోయెను. అపరాధిస్థానమున నిలిచినవాడు దుబాసి. అధికారము పైవానిది, చేయి నడుమవానిది. శిక్షకాలమున చేయి ముందు కనబడును.

రెండవది: 'దొరవారి చిత్తము చొప్పున నడచితిని' యను సమాధానము నడుమనున్నవానికి రక్షణ కాజాలదు. తన తెలివి, తన భాష, తన పలుకుబడి లేనిదే ఆ పని జరిగియుండదు. జరుపుటకు శక్తి గలవానికి జరుపకుండుటకును శక్తి కలదు. పాపయ్య కథ మనకు నేర్పునది ఈ యొక్క పాఠము.

న్యాయస్థానమునందలి ద్విభాషి

తరువాతి తరమున ద్విభాషి స్థానము మారినది. 1801లో చెన్నపట్టణమున సుప్రీంకోర్టు ఏర్పడినది. దొరల యిండ్లలో దస్తూరిపై బ్రదుకు దుబాసికి బదులు, ప్రమాణముచేసి జీతముపై పనిచేయు కోర్టు ద్విభాషి వచ్చినాడు. ఈ మార్పు చిన్నది కాదు. సాక్షి తెలుగున చెప్పును. న్యాయమూర్తి ఇంగ్లీషున వినును. నడుమ నొక క్రియాపదము వంకరపోయినచో ఒకని యిల్లు పోవచ్చును, ఒకని ప్రాణము పోవచ్చును. తప్పు జరిగినను పట్టుకొనగలవారు లేరు. పరీక్షించువాడు లేనిచోట సత్యము నిలుపుట వృత్తినీతికి పరాకాష్ఠ.

ఈ స్థానమున పేరొందినవారిలో ఏనుగుల వీరాస్వామయ్య (1780–1836) అగ్రగణ్యుడు. బాల్యముననే కంపెనీ కొలువున ప్రవేశించి, క్రమముగ సుప్రీంకోర్టున ప్రధాన ద్విభాషి యయ్యెను. ఆంధ్రులకు ఆయన కాశీయాత్రా చరిత్రకర్తగనే పరిచితుడు. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరున తిరిగివచ్చిన యాత్రను ఆయన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళకు ఎప్పటికప్పుడు వ్రాసి పంపెను. పిళ్ళ 1838లో గ్రంథముగ ప్రకటించెను. ఆ గ్రంథమున కోర్టు విషయములు తక్కువ. కాని దానిని చదివినవారికి ద్విభాషి మనస్సు తెలియును. ఏ ఊర ఏ వస్తువు దొరకును, బాట యెట్లున్నది, జనుల భాష యెట్లు మారుచున్నది, తాను కన్నదేమి, విన్నదేమి యని వేరుపరచి వ్రాయును. కన్నదానిని కన్నట్లు చెప్పుట ఆయనకు వృత్తివలన అలవడిన గుణమో, ఆ గుణమువలన వృత్తిలో పైకి వచ్చెనో చెప్పలేము.

ఆయన సమకాలికుడు వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) సదరదాలతునందు భాషాంతరీకర్త. ఈయన ఇంగ్లీషున వ్రాసికొనిన ఆత్మకథ 1873లో అచ్చయినది. చెన్నపట్టణపు పాఠ్యగ్రంథ సంఘమున సభ్యుడుగ నుండి, అర్థము తెలియకయే పద్యములు వల్లెవేయించు నాటి బడుల చదువును 1820లో విమర్శించెను. భాషాంతరీకర్తకు ఆ విమర్శ తోచుట సహజము. అర్థమును గూర్చి శ్రద్ధ లేని చదువునుండి అర్థమును కాపాడు ఉద్యోగి పుట్టడు. వృత్తినీతికి సద్బుద్ధి యొక్కటియే చాలదు, పనిలో నిపుణతయు కావలెనని వీరు ఎరిగియుండిరి. తెలియనివాని నిజాయితీ కోర్టులో నున్న దీనునికి అక్కరకు రాదు.

1832–33లో, నందన సంవత్సరమున, గుంటూరు మండలమున ఘోరమైన కరువు వచ్చినది. దానినే దొక్కల కరువని కూడ జనులు చెప్పుకొందురు. ఐదు లక్షల జనములో దాదాపు రెండు లక్షలు నశించిరని ఆనాటి అంచనాలు. ధాన్యపు వర్తకములో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదనునది నాటి పాలకుల సిద్ధాంతము. ధాన్యము నిలువయున్న వర్తకునకు ఇది శాసనరీత్యా పూర్ణస్వాతంత్ర్యము. వెల పెరుగువరకు కొట్టు తెరువకున్నను అతడు నేరస్థుడు కాడు. శాసనము విడిచిపెట్టిన చోట ధర్మము పట్టుకొనవలెను. అది పట్టుకొనినదా లేదా యనునదియే సమాజమునకు పరీక్ష. ఆకలిగొనిన వేలాది తెలుగువారు దక్షిణపు బాట పట్టి చెన్నపట్టణమువైపు నడచిరి. అప్పుడు వీరాస్వామయ్యయు ఆయన మిత్రులును వారికి అన్నము పెట్టించిరి. వీరు ధాన్యపు వర్తకులు కారు. కరువునకు కారకులును కారు. అయినను నగరమున స్థిరపడి, జీతము తినుచు, ఆ దీనుల మాట తెలిసినవారు తామేయైనందున బాధ్యత తమదని తలచిరి.

గాజుల లక్ష్మీనర్సు శెట్టి

ఇంతవరకు చెప్పినవారు తమ వృత్తి హద్దులలో ధర్మమునో అధర్మమునో నడపినవారు. వృత్తిలో ఆర్జించినదానిని, ఆ వృత్తికి హాని రాగల పనికి వెచ్చించినవాడు గాజుల లక్ష్మీనర్సు శెట్టి (1806–1868). చెన్నపట్టణమున జన్మించిన తెలుగు బలిజ వర్తకుడు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వ్యాపారి. ఆ వ్యాపారమును కుమారుడు విస్తరింపజేసి ధనవంతుడయ్యెను.

1844 అక్టోబరున ఆయన 'క్రెసెంటు' అను ఇంగ్లీషు పత్రికను స్థాపించెను. హార్లీ యను ఆంగ్లేయుడు సంపాదకుడు. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠముగ పెట్టుటను, మిషనరీల పక్షమున అధికారులు మొగ్గుటను ఈ పత్రిక ఎదిరించినది. 1852లో ఆయన ప్రోద్బలమున చెన్నపట్టణ స్వదేశసంఘము, అనగా 'మద్రాసు నేటివ్ అసోసియేషను' వెలసినది. భూమిపన్ను భారము, న్యాయస్థానములలోని ఆలస్యము, వ్యయము, బాటలు, నీటివసతి, చదువు కొరవడుట మున్నగు కష్టములను వివరించి ఆ సంఘము పార్లమెంటునకు మహజరు పంపినది.

నీలిమందు వర్తకునకు ఈ చింత యేల? నీలిచెట్టును పండించువాడు కడప, దక్షిణార్కాటు మున్నగు మండలముల రైతు. ఆ రైతు పన్ను కట్టలేనినాడు అతనికి జరుగునది యేమో వర్తకునకు తెలియకపోదు. పన్ను బాకీపడిన రైతును ఎండలో నిలుపుట, మెడను కాళ్ళను కలిపి వంచి కట్టుట, వ్రేళ్ళను కఱ్ఱల నడుమ నిరికించి నొక్కు కిట్టికట్టు, వీనిని గ్రామములలో ఎరుగనివారు లేరు. కచేరీకాగితములలో మాత్రము ఇవి యుండవు. 1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమూరు చెన్నపట్టణమునకు వచ్చినప్పుడు లక్ష్మీనర్సు శెట్టి అతనిని మండలములకు గొనిపోయి, బాధితులను స్వయముగ చూచి మాటలాడునట్లు చేసెను. 1854 జూలైలో ఈ విషయము కామన్సు సభలో చర్చకు వచ్చినది. దానిపై చెన్నపట్టణ ప్రభుత్వము ఎలియట్టు, స్టోక్సు, నార్టను అను మువ్వురితో విచారణసంఘమును నియమించినది. తక్కువ వ్యవధిలోనే దాదాపు రెండు వేల ఫిర్యాదులు అందినవి. పలువురు దూరదేశమునుండి నడచి వచ్చి చెప్పుకొనిరి. 1855లో వెలువడిన నివేదిక పన్ను వసూలునకు చిత్రహింస నిజముగ జరుగుచున్నదని ఒప్పుకొనినది. రెండేండ్లకు కార్ల్ మార్క్సు అమెరికా పత్రికలో వ్రాసిన వ్యాసమునకు ఈ విచారణయే ఆధారమైనది.

ఆ నివేదికలోని యొక విషయము మన ప్రస్తావమునకు ముఖ్యము. హింసించినవారు స్వదేశ ఉద్యోగులు, బంట్రోతులు. ఐరోపా అధికారులకు దానితో సంబంధము లేదు అని సంఘము నిర్ణయించినది. అనగా మరల పాపయ్య కథయే. ఇంత పన్ను రావలెనని పైవారి ఆజ్ఞ. ఎట్లు తెచ్చితివని వారు అడుగరు. కిట్టి బిగించువాడు నడుమవాడు. నిర్ణయము పైవారికి అనుకూలమే కావచ్చును. కాని మన భాష మాటలాడు చేతులే మన రైతు వ్రేళ్ళను నొక్కినవనుట అబద్ధము కాదు. లక్ష్మీనర్సు శెట్టియు నడుమవాడే. ఆయనకు రైతు భాష వచ్చును, పార్లమెంటు సభ్యునితో మాటలాడు సాధనమును కలదు. దుబాసి కళనే ఆయన వినియోగించెను. అయితే ఈమారు మాట క్రిందనుండి పైకి నడచినది. బేరి తిమ్మన్న కాలము నుండి దుబాసి పైవాని మాటను క్రిందివానికి వినిపించుచు వచ్చినాడు. క్రిందివాని బాధను పైవానికి వినిపించుటకు తన ధనమును వెచ్చించిన వర్తకుని ఇక్కడ చూచుచున్నాము.

ఆయనను దోషరహితునిగ చిత్రించుట చరిత్ర కాదు. మతము మారినవారికి వారసత్వపు హక్కు పోకుండ కాపాడు శాసనము 1850లో వచ్చినప్పుడు, దానిని ఎదిరించిన హిందూ ప్రముఖులలో ఆయన యొకడు. రైతు దేహమునకు జరిగిన అన్యాయమును చూడగలిగిన కన్ను, కుటుంబము వెలివేసిన వ్యక్తికి జరుగు అన్యాయమును చూడలేదు. ప్రతి తరమువారి సామాజిక బాధ్యతకును ఇట్టి యెల్లలు కలవు. మన తరమునకును కలవు. ప్రభుత్వము ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదమిచ్చెను, శాసనసభలోను సభ్యత్వ మిచ్చెను. ఇంతటివాడు ఆర్జించిన సొత్తులో పెద్ద భాగము ప్రజాకార్యములకు ధారపోసి, తుదకు లేమిలో కన్నుమూసెనని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు.

ఉపసంహారము

ఈ పరంపర అంతటితో ఆగలేదు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగ ఆరంభించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రిక చేసెను. మందు అమ్మిన లాభము మాటగ, గ్రంథముగ జనులకు తిరిగివచ్చినది. ఆయన చరిత్ర వేరొక వ్యాసమునకు తగినది గనుక ఇచ్చట విస్తరింపను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నపట్టణము మనకు దక్కలేదు. ఆ వేదనను తీర్చుకొనుటకు మనవారు ఆ నగరమున తెలుగువారు కట్టిన కోవెలలను, తెలుగుపేరులు గల వీధులను లెక్కించుచుందురు. నేను పై పుటలలో మరియొక లెక్క చూపితిని. ఆ లెక్కలో పాపయ్యయు మనవాడే, వీరాస్వామయ్యయు మనవాడే. కిట్టి బిగించిన బంట్రోతును, ఆ కథను కామన్సు సభకెక్కించిన శెట్టియు మనవారే. మంచివారిని మాత్రమే మనవారని చెప్పుకొను జాతికి చరిత్ర నేర్పగలిగినది స్వల్పము.

పరభాషల నడుమ స్థిరపడిన తెలుగువాడు కర్ణాటకమున నున్నను, మహారాష్ట్రమున నున్నను, ఒడిశాలో నున్నను స్వభావముచేత ద్విభాషియే. రెండు భాషలు, రెండు పక్షములు, వాని నడుమ తన బ్రదుకు. లెక్కలు తనిఖీచేయు ఉద్యోగి, కట్టడము నడపు ఇంజనీరు, కక్షిదారుని పక్షమున మాటలాడు న్యాయవాది, పనివాండ్రను కూర్చు మేస్త్రి, వీరందరును ఎవరో యొకరి మాటను మరియొకరికి చేర్చువారే. జీతమిచ్చువాడు ఎదుట నుండును. ఆ పనివలన మేలో కీడో పొందువాడు తరచుగ ఎదుట నుండడు. మగ్గముకడ నున్న సాలెవాడు కోటలోని బేరమున లేడు. దుక్కిలో నున్న రైతు కచేరీలోని లెక్కలో లేడు. ఎదుట లేని ఆ మూడవవానిని తలచుకొని మాటలాడినవాడే ధర్మమెరిగిన దుబాసి. చెన్నపట్టణపు వీధులు మన పేరులను మోయుచున్నవి. ఏ పేరు ఎట్టి పనికి గురుతో తెలిసి వాని వెంట నడచుట మన వంతు.